రెండరింగ్ నడుస్తుంది, మిక్సీ వేయకండి

పాత కార్డు నిన్న దొరికింది. నేను వెతికింది దానికోసం కాదు, చిన్న స్క్రూడ్రైవర్ కోసం. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొరియర్‌లో వచ్చి పొద్దుటి నుంచి టేబుల్ మీద కూర్చుంది, నా కంప్యూటర్ మూత విప్పేసి ఉంది, స్క్రూడ్రైవర్ మాత్రం కనపడదు. నా పనులన్నీ ఇట్లాగే ఉంటాయి. ముందు విప్పేస్తాను, తర్వాత పనిముట్లు వెతుక్కుంటాను. ఒళ్ళు మండిపోయి అటక మీది రేకుపెట్టె దింపాను. నాన్న కెమెరా బెల్టులు, ఖాళీ క్యాసెట్ డబ్బాలు, వాటి అడుగున పాత బనీను గుడ్డలో చుట్టిన పొట్టి ఆకుపచ్చ కార్డు. అరచేతిలో పట్టేంత ఉంది. దాని అంచున బంగారు రంగు పళ్ళవరస, ఆ వరసకు కాస్త పైన ఆకుపచ్చ మీద ఇంకా పోని పసుపు మరక.

"ఏం దొరికిందే?" అని వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"నీ బొట్టు దొరికింది," అన్నాను.

అమ్మకు వెంటనే అర్థమైంది. నవ్వు వినపడింది.

నాన్న పోయాక అమ్మ ఖమ్మంలో నా దగ్గరే ఉంటోంది. నా పని పెళ్ళి వీడియోల మిక్సింగ్. అంటే తీసిన ముక్కలన్నీ కత్తిరించి, వరసలో పెట్టి, పాట కలిపి, పూలూ మెరుపులూ అద్ది ఒక సినిమాలాగా చేసి ఇవ్వడం. అది నాకు అబ్బింది ఏన్కూరులో. అక్కడ రోడ్డు మీద నాన్నకు ఫొటో స్టూడియో ఉండేది, దాని వెనకే మా ఇల్లు. మిక్సింగ్ గది అని మేం గొప్పగా చెప్పుకున్నది నిజానికి వడ్ల బస్తాల గది. ఒక గోడకు బస్తాలు, ఇంకో గోడకు చెక్కబల్ల, బల్ల మీద సన్నటి కంప్యూటర్. హైదరాబాదులో ఏదో ఆఫీసు వాళ్ళు అమ్మేసిన వాటిలోంచి నాన్న దాన్ని తెచ్చాడు. ఆ గదిలో పెద్ద డబ్బా పట్టదు కాబట్టి పొట్టిది, సన్నటిది ఏరి మరీ తెచ్చాడు. పెళ్ళిచూపుల్లో స్వీట్ల డబ్బాకంటే కొంచెం పెద్దది. ఆ గదిలో వడ్ల దుమ్ము వాసన, పురుగు పట్టకుండా బస్తాల మధ్య దోపిన వేపాకు వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన మూడూ కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా వేపాకు వాసన వస్తే నాకు వీడియో ఎడిటింగ్ గుర్తొస్తుంది. ఎవరికి చెప్పినా నవ్వుతారు.

నాన్న పెళ్ళిళ్ళు తీయడానికి వైరా నుంచి పినపాక దాకా, ఆ నడుమ అడవి పల్లెలన్నీ తిరిగేవాడు. ఇంటికి వచ్చేసరికి ఆయన చొక్కాకు మల్లెపూలు, లైటు వేడికి మాడిన వైరు, పులిహోర అన్నీ అంటుకుని ఉండేవి. కెమెరా సంచీలో ఏదో ఒక మూల లడ్డు ఉండేది, అందుకే ఆ సంచీ జిప్పు ఎప్పుడూ నెయ్యి జిడ్డు. కానీ కెమెరా అద్దం మాత్రం కంటిపాపలాగా చూసుకునేవాడు. దాన్ని తుడవడానికి మెత్తటి బ్రష్షు ఒకటి ఉండేది. దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు, ఇంట్లో ఎవరమూ ముట్టుకోకూడదు. ఒకసారి నేను దాంతో కీబోర్డు దులిపితే రెండు పూటలు నాతో మాట్లాడలేదు. కోపం వస్తే అరిచే రకం కాదు, మాట మానేసే రకం. అరిచినా బాగుండేది అనిపించేది నాకు.

క్యాసెట్లు వస్తే ఇక నా పని. అన్నీ కూర్చి, కత్తిరించి, చివరికి రెండరింగ్ పెట్టాలి. అంటే నేను చేసినదంతా కంప్యూటర్ తనలో తాను కలిపి వండుకోవడం అన్నమాట. పొద్దున టిఫిన్లప్పుడు పెడితే గొడ్లు ఇంటికి మళ్ళే వేళకు అయ్యేది. తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకుతూ పోయేది. ఆ గీత నిండేదాకా ఇంట్లో మిక్సీ వేయకూడదు, మోటరు వేయకూడదు, ఇస్త్రీపెట్టె పెట్టకూడదు. వేస్తే కరెంటు ఒక్క క్షణం కుంగుతుంది, డబ్బా ఆరి వెలుగుతుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో "రెండరింగ్ నడుస్తుంది, మిక్సీ వేయకండి" అని రాసి వంటింటి తలుపుకు కట్టాను. పక్కింటి వాళ్ళదీ మాదీ ఒకటే లైను, అందుకని అమ్మ గోడ మీదుగా కేకేసేది.

"ఓ వదినా, మోటరు వెయ్యకు! మా పిల్ల పెండ్లి చేస్తున్నది!"

"ఇయ్యాల ఎవలదే పెండ్లి?" అని అటునుంచి జవాబు.

అమ్మ ఒక చోట కూర్చునే మనిషి కాదు. పొద్దున లేస్తే పడుకునేదాకా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. కానీ మిక్సీ లేదు, నీళ్ళు లేవు అంటే ఇక చేయడానికేముంది? చాట పట్టుకుని వచ్చి, వడ్ల బస్తాకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చునేది. చాటలో గుప్పెడు వడ్లు. గింజ గింజా గోటితో ఒలిచేది. భద్రాచలం రాములవారి కల్యాణానికి గోటితో ఒలిచిన తలంబ్రాలు పంపడం అమ్మ మొక్కు. రోకలి తగలకూడదు, గింజ విరగకూడదు. విరిగిన గింజను పక్కకు తీసి కోడికి వేసేది. టిక్, టిక్ అని సన్నటి చప్పుడు. ఒలుస్తూ కబుర్లు చెప్పేది. తను చిన్నప్పుడు పినపాక దగ్గర మేనమామ బండిలో కల్యాణానికి పోవడం, గోదావరి ఒడ్డున ఇసుకలో వంట చేసుకోవడం, తప్పిపోయి ఎవరి కుటుంబంతోనో కలిసి అన్నం తినేయడం. నేను ఊఁ కొట్టేదాన్ని, అంతే. నా కళ్ళు గీత మీద, కాళ్ళు బల్ల కింద ఆడుతూనే ఉండేవి.

"కాళ్ళు ఊపకే. ఇంటికి మంచిది గాదు," అనేది అమ్మ.

"ఇది ఎప్పటికైతదమ్మా? సచ్చిపోతున్న నేను!"

"ఐతది తియ్. గీత సగానికి వచ్చింది గద."

అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ గీత చదవడం నాకంటే బాగా వచ్చింది. ఎక్కడ నిదానిస్తుందో, ఎక్కడ ఉరుకుతుందో చూసి "ఇప్పుడు అప్పగింతలు వచ్చినట్టున్నయ్, మెల్లగైంది" అనేది. నిజమే అయ్యేది. నాకు మాత్రం ఆ కూర్చోవడం జైలు. డిగ్రీ పుస్తకాలు అటకెక్కాయి, స్నేహితులు హైదరాబాదులో ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, నేను బస్తాల మధ్య ఒక గీతకు కాపలా. ఈ గీత జల్దీ నడిస్తే చాలు, నా బతుకు కూడా జల్దీ నడుస్తుందని గట్టిగా నమ్మాను. దానికి బొమ్మల పనంతా తన మీద వేసుకునే గ్రాఫిక్స్ కార్డు కావాలని ఒక కంప్యూటర్ పత్రికలో చదివాను. ఇక ఇంట్లో అదే జపం.

అప్పటికే ఖమ్మంలో మిక్సింగ్ వాళ్ళు వీడియోల్లో ఏవేవో మాయలు చేస్తున్నారు. వధూవరుల ఫొటోలు గులాబీలోంచి విచ్చుకోవడం, మబ్బుల్లోంచి రథం దిగడం. మా పొట్టి డబ్బాలో అలాంటిది పెడితే బొమ్మ నత్తలాగా కదిలి బిగుసుకుపోయేది. ఒక్కో ఊరి పెళ్ళీ మా చేయి జారి ఖమ్మం పోయింది. చివరికి పినపాక నుంచి ఒక టీచరు గారు క్యాసెట్ల సంచీతో వచ్చారు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి భద్రాచలంలోనే చేశారు, తీసింది నాన్నే.

"మాకు ముత్యాల తలంబ్రాలు పడాలె," అన్నారాయన. "పిల్ల మీద, పిలగాని మీద, పైనుంచి వానలెక్క. గట్ల చేయగల్గుతరా? లేకుంటే చెప్పున్రి, ఖమ్మంల ఇస్త. ఏమనుకోవద్దు."

నాన్న నా వైపు చూశాడు. నేను ఆలోచించకుండా "చేస్తం సార్" అనేశాను.

ఆయన వెళ్ళాక నాన్న బల్ల అంచున కూర్చున్నాడు. "బిడ్డా, ఇదొక్కటి చూస్త," అన్నాడు. "నీ కార్డు కొను. అయితే ఐనట్టు. కాకపోతే కెమెరా అమ్మేసి మణుగూరుల డ్రైవరు పనికి పోత. మాటైపోయింది. ఈ గదిల మళ్ళ వడ్లు పోసుకుంటం."

"మరి నేను?"

"మీ మేనత్త కాడికి పో. కుట్టు నేర్పుతది."

కుట్టు అంటే నాకేమీ చిన్నచూపు లేదు. కానీ ఆ గది పోతే నాది అని చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు నాకు. పొద్దస్తమానం తిట్టుకునే ఆ గదే. అప్పుడు తెలిసింది నాకు, నేను పోవాలనుకున్నది ఆ గదిలోంచి కాదని.

కార్డు కొనడం అంటే అంగడికి పోయి తెచ్చుకోవడం కాదు. మా డబ్బా పొట్టిది, మామూలు కార్డు పెడితే మూత పడదు. కొలత కావాలి. నేను స్కేలు కోసం ఇల్లంతా తిరుగుతుంటే అమ్మ జాకెట్ కొలతకు తీసినట్టు దారం తీసి, డబ్బా లోపల నిలువుకు ఒక ముడి, పొడుగుకు ఒక ముడి వేసి నా చేతిలో పెట్టింది. ఖమ్మంలో సలీం భాయ్ కంప్యూటర్ల దుకాణంలో అద్దాల బల్ల మీద ఆ దారం పరిచేసరికి ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"అరె బేటా, ఏందిది? కార్డుకు జాకెట్ కుట్టిస్తవా?"

నవ్వాడు కానీ ఓపిగ్గా ఒక్కో పెట్టె విప్పి దారం పక్కన పెట్టాడు. పెద్దవన్నీ ముడి దాటిపోయాయి. చివరికి దుమ్ము పట్టిన పెట్టెలోంచి ఒక పొట్టి కార్డు తీశాడు. దారానికి సరిగ్గా సరిపోయింది. "నీ నసీబు బాగుంది. డబ్బాకు బిగించే పొట్టి రేకు పట్టీ గూడ ఉంది దీంతోని, పొడుగు పట్టీ తీసేసి ఇది బిగించు," అన్నాడు. బస్సులో కార్డును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వైరా దగ్గర చెరువు మీది గాలి కిటికీలోంచి కొడుతుంటే పెట్టె ఎగిరిపోతుందేమో అని చున్నీతో చుట్టాను. ఆ బస్సంత నిదానంగా పోయిన బస్సు నా జన్మలో ఎక్కలేదు.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా దేవుడి ముందు పెట్టి బొట్టు పెట్టకుండా వాడరు. కెమెరాకు పెట్టారు, గ్యాసు పొయ్యికి పెట్టారు, మిక్సీకి సరేసరి. నేను పొట్టి పట్టీ బిగించి పళ్ళెంలో పెట్టగానే అమ్మ దాన్ని దేవుడి గూటి దగ్గరికి తీసుకుపోయింది. ఈలోపు నేను డబ్బా మూత తీసి, లోపల మేటవేసిన వడ్ల దుమ్ము ఊదాను. "ఐందా అమ్మా? ఐందా?" అని అరుస్తూనే ఉన్నాను. పళ్ళెం రాగానే కార్డు లాక్కుని, చూడకుండా గాడిలో నొక్కేశాను. నాన్న స్టూడియో మూసి వచ్చి వెనక నిలబడ్డాడు. అమ్మ చేతులు జోడించింది. స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది.

మళ్ళీ ఆపి వేశాను. నలుపే. వైరు మార్చాను, కుదిపాను, బుజ్జగించాను, తిట్టాను. తెర మీద నా మొహం తప్ప ఏమీ లేదు. నాన్న జేబులోంచి ఫోను తీశాడు, టీచరు గారికి చెప్పడానికి. క్యాసెట్లు వచ్చి తీసుకుపొమ్మని చెప్తాడు, ఆ తర్వాత కెమెరా, ఆ తర్వాత మణుగూరు.

"ఆగు నాన్నా, ఆగు," అని కార్డును బయటికి లాగాను. వెలుతురుకు పెట్టి చూస్తే బంగారు పళ్ళన్నిటి మీదా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడి పసుపు. మధ్యమధ్యలో కుంకుమ చుక్కలు. లక్షణంగా, వంకర లేకుండా.

అమ్మ నా చేతిలోని కార్డు చూసింది, తన వేళ్ళు చూసుకుంది. మొహం పాలిపోయింది.

"నేనే పెట్టిన," అంది. "గడపకు పెడ్తం గద. అది గీ అంచు నుంచే గద లోపటికి పోతది, అదే దాని గడప అనుకున్న. తప్పైందా? పాడైందా బిడ్డా?"

నాన్న ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల ఎవరో హలో హలో అంటున్నారు. నాన్న ఆ పసుపు గడపను చూశాడు. తర్వాత ఫోనులో, "సార్, ఏం లేదు సార్. పని నడుస్తుంది, చెప్దామని చేసిన," అని పెట్టేశాడు. చొక్కా లోపలి జేబులో చేయి పెట్టి అద్దం తుడిచే బ్రష్షు తీశాడు. ఎవరమూ ముట్టుకోకూడని ఆ బ్రష్షు నా చేతిలో పెట్టాడు.

"గాడిల గూడ పడ్డదేమో. మెల్లగ దులుపు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాత జామెట్రీ పెట్టెలోంచి రబ్బరు తెచ్చి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో పన్నూ రుద్దాను. మళ్ళీ మెరిసేదాకా రుద్దాను. కార్డు మీద ఆకుపచ్చకు అంటిన పసుపు పోలేదు, దాన్ని వదిలేశాను. గాడిని బ్రష్షుతో దులిపి కార్డు నొక్కాను. ఈసారి నిదానంగా. స్విచ్ మాత్రం అమ్మనే వేయమన్నాను. వద్దు వద్దంటూ కళ్ళు మూసుకుని వేసింది. తెర వెలిగింది.

ముత్యాల తలంబ్రాలు పడ్డాయి. పినపాక పెళ్ళికూతురు తల వంచుకుని ఉంటే పైనుంచి తెల్లగా, ఆగకుండా, ఎక్కడా బిగుసుకోకుండా వానలా రాలాయి. నాన్న రెండుసార్లు చూశాడు, మూడోసారి కూడా వేయమన్నాడు. అమ్మ తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వచ్చింది.

"ఇన్ని తలంబ్రాలు ఎవలు ఒలిచిన్రే?" అంది.

నాన్న అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. మణుగూరు మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత పని పెరిగింది. గీత ఉరికింది. పొద్దున పెడితే వంట కాకముందే నిండిపోయేది. అమ్మ చాట పట్టుకుని వచ్చేది, బస్తాకు ఆనుకుని కాళ్ళు చాపేలోపు నేను "ఐపోయిందమ్మా, మిక్సీ వేస్కో" అనేదాన్ని. "ఐపోయిందా? ఇంత జల్దీ?" అని లేచిపోయేది. కొన్నాళ్ళకు రావడం మానేసింది. కరెంటు కుంగినా డబ్బాను ఆరనివ్వని కొత్త పెట్టె కూడా వచ్చింది, క్యాలెండరు బోర్డు తీసేశాం. తలంబ్రాలు ఎప్పుడు ఒలిచేదో, ఎక్కడ కూర్చుని ఒలిచేదో నేను చూడలేదు. ఒకదాని వెనక ఒకటి పెళ్ళిళ్ళు చేసుకుంటూ పోయాను. గోదావరి ఇసుకలో తప్పిపోయిన కథలో తనకు అన్నం పెట్టింది ఎవరో, మళ్ళీ ఎట్లా దొరికిందో, అది నేను వినలేదు. ఆ రోజుల్లో నాకు కావాల్సిందల్లా దొరికింది. దాంతోపాటు ఏం పోయిందో నిన్న ఆ పసుపు మరక చూసేదాకా తట్టలేదు. తట్టాక ఒక చోట నిలవలేకపోయాను. గదిలోనే అటూ ఇటూ తిరిగాను.

స్క్రూడ్రైవర్ చివరికి నా జడలోనే దొరికింది. కొత్త కార్డు పళ్ళెంలో పెట్టి వంటింట్లోకి తీసుకుపోయాను. అమ్మ చూపు ఇప్పుడు సరిగా ఆనదు. కార్డును వేళ్ళతో తడిమి, పళ్ళవరస ఎక్కడుందో చూసుకుని, అటువైపు పోకుండా ఫ్యాను అంచున చిన్న బొట్టు పెట్టింది. "గడపకు పెట్టను తియ్, బుద్ధొచ్చింది," అంది. ఇద్దరం నవ్వాం. నా ఇప్పటి కంప్యూటర్ కూడా పొట్టిదే. ఖమ్మం అద్దె ఇళ్ళలో బల్లలు పెరగలేదు. కార్డు సరిగ్గా పట్టింది. ఎట్లా నడుస్తుందో చూద్దామని ఒక పెళ్ళిలోంచి తలంబ్రాల ముక్క రెండరింగ్‌కు పెట్టాను. కొత్త ఫ్యాను గుయ్‌మని లేచింది.

వంటింట్లో పచ్చడి తిరుగుతున్న మిక్సీ టక్కున ఆగింది.

నేను ఆపమనలేదు. ఆపాల్సిన పని లేక ఏళ్ళయింది. ఫ్యాను చప్పుడు విని అమ్మ చేయి దానంతట అదే స్విచ్ మీదికి పోయినట్టుంది. నేను తెర వైపు తిరిగేసరికి గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండిపోయి ఉంది. అమ్మ మిక్సీ ఆపినంత సేపు కూడా పట్టలేదు దానికి.

"ఐందానే? వెయ్యొచ్చా?" అని అడిగింది అమ్మ.

నా కాళ్ళు బల్ల కింద ఆడుతున్నాయి. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నాను.

"కాలేదమ్మా," అన్నాను. "ఇంకా మస్తు టైం పడ్తది. వచ్చి కూసో."

అమ్మ తలంబ్రాల వడ్ల చాట పట్టుకుని వచ్చింది. నా కుర్చీ పక్కనే నేల మీద, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. కళ్ళు చికిలించి తెర వైపు చూసింది. చూపు ఆనకపోయినా ఆ గీత అమ్మకు తెలుసు. నిండిన గీత ఎట్లా ఉంటుందో ఇంకా బాగా తెలుసు.

"అవ్," అంది. "చాన సేపు పడ్తది తియ్." చాటలోంచి ఒక వడ్లగింజ తీసి గోరు ఆనించింది.

"ఇసుకల తప్పిపోయినవ్ గదమ్మా," అన్నాను. "నీకు అన్నం పెట్టింది ఎవలు?"